రెండు ముక్కలూ ఒకే రాయి

కోటయ్య బాబాయ్ పోయాడు.

నిన్న పొద్దున స్టాఫ్ రూమ్‌లో మార్కులు ఎక్కిస్తుంటే వాళ్ల అమ్మాయి నాగమణి ఫోన్ చేసింది. "నాన్న పోయాడక్కా" అంది. 

"వస్తున్నా" అని పెట్టేశాను. పెట్టేసి ఇంకో ఇద్దరు పిల్లల మార్కులు కూడా ఎక్కించాను. ఒకరివి ఇంకొకరికి వేశానని ఇవాళ హెడ్‌మాస్టర్ చెప్తేగానీ తెలియలేదు.

నాకు ఏడుపు తొందరగా రాదు. నిన్న దాచేపల్లిలో అందరూ ఏడుస్తుంటే నేను కుర్చీలు సర్దాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. బాబాయ్ మాకు చుట్టం కాదు, దాచేపల్లిలో మా పక్కింటాయన. నాపరాళ్ల క్వారీలో పని. చదివింది మూడో తరగతి. ఏడాదిగా ఊపిరి సరిగ్గా ఆడేది కాదు.

ఆయనకి మ్యూజియంల పిచ్చి.

ఒకసారి అమరావతి గుడికి వెళ్లి, ఎండకి తట్టుకోలేక అక్కడి మ్యూజియంలోకి దూరాడట. అక్కడున్న శిల్పాలన్నీ చూసి "ఇది మన రాయేగా" అన్నాడట. ఇక అంతే. ఎవరు ఏ ఊరు వెళ్తున్నా "ఆడ మ్యూజియం ఉందా?" అని తగులుకునేవాడు.

శిల్పాన్ని ముందు నుంచి చూసేవాడు కాదు. వీలుంటే వెనక్కి వెళ్లేవాడు. "ముందువైపు అందరూ చూస్తారు అమ్మాయ్. ఎనక్కొచ్చి చూడు, ఉలి యాడ జారిందో తెలుస్తది" అనేవాడు.

ఆర్ట్ గ్యాలరీకి కూడా తీసుకెళ్లాను ఒకసారి. పెయింటింగ్స్ ముందు రెండు నిమిషాలు మర్యాదగా నిలబడి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. మెట్లు గ్రానైట్‌వి. అవీ నచ్చలేదు.

ఇక అసలు సంగతి.

కొన్నేళ్ల కిందట మా స్కూల్ పిల్లల్ని ఒక సిటీలో మ్యూజియంకి తీసుకెళ్లాం. బస్సులో ఒక సీటు ఖాళీగా ఉంటే బాబాయ్‌ని రమ్మన్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

ఒక హాల్లో ఈ గోడ దగ్గర ఒక శిల్పం ముక్క, ఎదుటి గోడ దగ్గర ఇంకో ముక్క ఉన్నాయి. వేరే వేరే లేబుల్స్. బాబాయ్ ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, వాటర్ బాటిల్‌తో తడిపి, రెండు ముక్కల్నీ తుడిచాడు.

క్వారీలో అందరూ చేసేది అదే. రాయి మీద తడి పడితేగానీ లోపలి చార కనపడదు. కొనడానికొచ్చిన వాళ్లకి కూడా నీళ్లు చల్లే చూపిస్తారు. మ్యూజియంలో అలా చేయకూడదని ఆయనకి తోచలేదు.

గార్డు పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరీ పెద్దాయన? ఎవరితో వచ్చాడు?" అని హాలంతా వినపడేలా అరిచాడు.

నలభైమంది పిల్లలు నావైపు చూశారు.

నేను ఎదురుగా ఉన్న బోర్డు చదువుతూ నిలబడ్డాను. పాత నాణేల గురించి ఏదో రాసుంది.

బాబాయ్ నన్ను ఒక్కసారి చూశాడు. "ఎవురితోనూ రాలేదయ్యా. నేనొక్కణ్ణే వచ్చా" అన్నాడు.

బయటికి పంపించేశారు. మేం చూడడం అయ్యేదాకా బస్సు పక్కన ఎండలో నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "అమ్మాయ్, ఆ రెండు ముక్కలూ ఒకటే రాయి. ఎర్రచార ఇందులో యాడ తెగిందో అందులో ఆణ్ణుంచే మొదలైంది. ఎవురికన్నా చెప్పు. నువ్వు టీచరువి, నీ మాటయితే ఇంటారు" అన్నాడు.

చెప్తానన్నాను. చెప్పలేదు.

నేను మళ్లీ ఆ గార్డుకి కనపడాలంటే సిగ్గు. అదొక్కటే కారణం.

దాచేపల్లి వెళ్లిన ప్రతిసారీ "చెప్పావా?" అనేవాడు. మూడోసారో నాలుగోసారో "చెప్పా బాబాయ్, చూస్తామన్నారు" అన్నాను. అబద్ధం. ఆయన ఆ మాట టీ బంకు దాకా మోసుకెళ్లి అందరికీ చెప్పుకున్నాడు.

రెండు నెలల కిందట, ఆ ఊపిరితోనే, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆ మ్యూజియంకి వెళ్లాడు. ముక్కలు కలిపారేమో చూద్దామని. వచ్చాక నాకు ఫోన్ చేశాడు. "ఇంకా ఏటికయ్యే ఉన్నాయి అమ్మాయ్. పెద్దాఫీసులు గదా, టైం పడతదిలే" అన్నాడు.

నన్ను ఊరడిస్తున్నట్టు చెప్పాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "అవును బాబాయ్" అన్నాను.

నిన్న మంచం పక్కన గోడకి ఆ తువ్వాలు వేలాడుతోంది. ఎక్కువసేపు చూడలేకపోయాను.

ఇవాళ మధ్యాహ్నం ఆ మ్యూజియంకి ఫోన్ చేశాను. ఎవరో ఆఫీసర్, ఓపిగ్గా విన్నారు. రాసి పంపితే చూస్తామన్నారు. ఇంతకాలం నేను ఆయనకి చెప్పిన అబద్ధం సరిగ్గా ఇదే మాట.

రాసి పంపాను. ఎర్రచార గురించి రాశాను. బాబాయ్ పేరు, ఊరు, చేసిన పని రాశాను. ఆయన చెప్పింది తప్పే కావచ్చు, తేల్చాల్సింది వాళ్లు. నాకు అప్పజెప్పింది చెప్పడం ఒక్కటే. దానికి ఇన్నేళ్లు పట్టింది.

ఉత్తరం చివర, వాళ్లకి అర్థం కాకపోయినా, ఇంకో మాట కూడా రాశాను. ఆ రోజు మీ హాల్లో రాయిని తడితువ్వాలుతో తుడిచిన పెద్దాయన ఒక్కడే రాలేదు. నాతో వచ్చాడు.

వెళ్లిరా బాబాయ్. ఇక నీ ఊపిరి హాయిగా ఆడాలి.