దొరగారి పత్రికలో నా అరపేజీ

పడుచుతనంలో మనిషికి భయం ఉండదనీ, నెరిసిన జుట్టుతోపాటే అది వస్తుందనీ అనేవాళ్లు ఎనభైల నాటి నన్ను చూసి ఉండరు. అప్పుడు నేను దుబాయ్‌కి ఉత్తరాన, కొండల కింద ఒక రాతి క్వారీ ఆఫీసులో టైపిస్టుని. కొంచెం దూరంలో ఖర్జూరపు తోటల మధ్య చిన్న ఆంగ్లికన్ చర్చి ఉండేది. శుక్రవారం పొద్దున ఇంగ్లీషు ఆరాధన, సాయంత్రం నాలుగింటికి మన తెలుగు ఆరాధన. దొర అయ్యగారు (పాస్టరుగారిని ఊళ్లో పిలిచినట్టే అక్కడా అయ్యగారనేవాళ్లం, తెల్లాయన కాబట్టి ముందు దొర చేర్చాం) నెలకోసారి సైక్లోస్టైల్ చేయించే సంఘ పత్రికలో చివరి అరపేజీ తెలుగు. దానికి సంపాదకుడు, విలేఖరి, స్టెన్సిల్ గీకేవాడు అన్నీ నేనే. అయ్యగారికి తెలుగు అక్షరం ముక్క రాదు గనక నాకున్నంత స్వేచ్ఛ ఏ సంపాదకుడికీ ఉండి ఉండదు.

మావాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకునే కథ ఒకటుంది. ఒక వేసవిలో సిస్టరమ్మ దొరమాట కాదని చర్చి తెరిచిందని. అందులో సగం తప్పు. ఆ సగం నాది.

సిస్టరమ్మ ఆసుపత్రిలో నర్సు, భీమవరం వైపు మనిషి. చర్చి తాళంచెవి ఆవిడ దగ్గరుండేది. గురువారం డ్యూటీ దిగగానే వచ్చి ప్రభువు బల్ల మీద గుడ్డ మార్చి, పూలు పెట్టి వెళ్లడం ఆ దేశంలో ఆవిడకున్న ఒకే ఒక్క సుఖం. “వారమంతా రోగుల పక్కలు పరుస్తాను, ఈ ఒక్కటీ నా ఇష్టంగా పరుస్తాను” అనేది.

ఆ ఏడు వేసవి వార్తలని అయ్యగారు నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాసిచ్చారు. తెల్లవాళ్ల కుటుంబాలు సెలవులకి వెళ్తున్నాయి, తానూ వెళ్తున్నారు, సెప్టెంబరు దాకా తెలుగు ఆరాధన ఉండదు, ఉన్నవాళ్లు పొద్దున వేరొకరు నడిపే ఇంగ్లీషు ఆరాధనకి రావచ్చు. నాకు ఒళ్లు మండింది. సెలవులు వాళ్లకి, మూత మాకా? క్వారీ క్యాంపులో మేస్త్రి మావయ్యకి (ఎవరికీ మావయ్య కాదు, క్యాంపంతటికీ మావయ్యే) చదివి వినిపించాను. “శుక్రవారం కూడా ఖలాస్ అంటే మేం దేన్ని చూసుకుని బతకాల్రా? ఆ ఇంగ్లీషు ఆరాధనలో పక్కోడు లేస్తే లేవాలి, కూచుంటే కూచోవాలి. డ్రిల్లే గదా అది” అన్నాడు. అంతే, ‘వేసవిలో తెలుగు ఆరాధన యథావిధిగా జరుగును’ అని గీకేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. కాగితం ఇంకా ఖాళీగా కనిపించి, అయ్యగారు విమానం ఎక్కాక వచ్చే శుక్రవారానికి ప్రథమ ఫలాల పండుగ కూడా ప్రకటించాను. మీ మీ పంటలో తొలిభాగం తీసుకురండి అన్నాను. (ఇసుకలో పంటేమిటని ఒక్కరూ అడగలేదు.)

ఆ శుక్రవారం క్యాంపు లారీ వచ్చింది. ఆఫీసు ఏసీ నుంచి కారే నీళ్లతో పెంచిన రెండు ఆనపకాయలు, బకెట్లో మొలిపించిన గోంగూర, కాళ్లు కట్టిన కోడిపుంజు దిగాయి. అచ్చులో వచ్చిన మాట కదా అని సిస్టరమ్మ తాళం తీసింది. కీర్తన రెండో చరణంలో ఉండగా గుమ్మంలో దొర అయ్యగారు. ఆయన విమానం మర్నాటికి మారిందట. పుంజు ఒక్కటే ధైర్యంగా పలకరించింది.

“ఎవరు రమ్మన్నారు వీళ్లని?” అన్నారు ఇంగ్లీషులో. సిస్టరమ్మ పత్రిక చూపించింది. “మీ పత్రికలోనే వేశారు కదండీ.” ఆయన దాన్ని నా చేతికిచ్చి, ఏముందో ఇంగ్లీషులో చదవమన్నారు. ‘సెప్టెంబరు దాకా తెలుగు ఆరాధన ఉండదు’ అని గడగడా చదివేశాను. ఆయన ఇచ్చిన మాటలే కాబట్టి ఎక్కడా తడబడలేదు.

సిస్టరమ్మ నాకేసి ఒక్కసారి చూసింది, మాత్ర మింగానని చెప్పే రోగిని చూసినట్టు. తర్వాత ఆయనవైపు తిరిగింది. “తలుపు తీసింది నేనేనండీ. వీళ్లు ఈ ఎండలో లారీలో నిలబడి వచ్చారు. వెనక్కి పొమ్మనాలంటే మీరు చెప్పండి, నేను చెప్పను.” తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. మేస్త్రి మావయ్య మూడో చరణం ఎత్తుకున్నాడు. అయ్యగారు కాసేపు నిలబడి, వెనక బెంచీలో కూర్చుని, చివర్లో దీవెన కూడా చెప్పారు. ఆ వేసవే కాదు, ఆ తర్వాత ఏ వేసవిలోనూ తెలుగు ఆరాధన ఆగలేదు. కానీ తాళంచెవి మాత్రం ఒక దొరసానికి వెళ్లింది. ఆ బల్ల మీద పూలు ఇంకెవరో పెడుతుంటే సిస్టరమ్మ బెంచీలో కూర్చుని చూసేది.

ఆ అరపేజీ రాసినందుకు నాకు ఏ చింతా లేదు. ఇవాళ స్టెన్సిల్ ఇచ్చినా అదే రాస్తాను, ఇంకా పెద్ద అక్షరాలతో. చింతంతా చదివిన ఆ అర నిమిషం గురించే.

ఆవిడ ఉద్యోగం మానేసి ఊరికి బయల్దేరినప్పుడు విమానాశ్రయంలో ఆ రోజు పత్రికలో లేనిది చదివానని చెప్పాను. “నాకేదో తెలీనట్టు చెప్తావేంటి అబ్బాయ్, నాకూ ఇంగ్లీషొచ్చుగా” అంది. మరెందుకు ఊరుకున్నారన్నాను. “నిన్ను తీసేస్తే ఆ అరపేజీ ఎవరు రాస్తారు? తలుపు తియ్యడానికి ఎవరైనా చాలు. అయినా అంత బరువుగా ఉంటే వచ్చే శుక్రవారం లేచి నిలబడి సంఘంలో చెప్పెయ్.”

అలాగేనన్నాను. ఆ వచ్చే శుక్రవారం రావడానికి పన్నెండేళ్లు పట్టింది. అదీ లేచి నిలబడలేదు, ఇలా కూర్చుని రాస్తున్నాను.