కొర్రల పిండిలో నూకలు

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి. అంత చెడ్డదానివి కాదులే అని మాత్రం అనకండి. ఆ మాట వినే ఓపిక నాకు లేదు.

మాది నంద్యాల. పుట్టిల్లు ఆళ్లగడ్డ. మా ఆయనకు బజారులో కిరాణా అంగడి ఉంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఊరికే కూర్చోలేక ఇంట్లో ఆరోగ్యం పిండి చేయడం మొదలుపెట్టాను. ధాన్యాలు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మరలో పట్టించేదాన్ని. షుగర్ ఉన్నవాళ్లకు వేరే ప్యాకెట్టు. అది మొత్తం కొర్రలే, కాసిన్ని మెంతులు. దాని మీద ‘షుగర్ వారికి ప్రత్యేకం, బియ్యం కలపనిది’ అని అచ్చు వేయించాను. ఆ మాటలు నేనే రాశాను. చూసుకుని ఎంత మురిసిపోయానో.

ఒకసారి మంచి కొర్రలు దొరకలేదు. అడిగేవాళ్లేమో ఆగడం లేదు. మిల్లు నుంచి వచ్చిన బియ్యపు నూకల బస్తా అంగట్లో ఉంది. వేయించి పిండి పట్టిస్తే తేడా ఎవరు కనిపెడతారు? ఈ ఒక్కసారికే కదా అనుకుని సగానికి సగం కలిపాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది. వణకలేదు. కూనిరాగం తీస్తూ కలిపాను.

ఆ పిండి అందరికీ నచ్చడం నా ఖర్మ. ఉండ కట్టలేదనీ, గొంతులో గరగరలాడలేదనీ, ఎంత కమ్మగా ఉందోననీ ఫోన్లు చేసి మరీ మెచ్చుకున్నారు. కొర్రలు మళ్లీ దొరికాయి. నేను నూకలు మానలేదు. లాభం కోసమా అంటే కాదు, అంగడి ఉన్నవాళ్లం, ఆ లాభంతో మాకు పని లేదు. అత్తగారింట్లో ఇన్నేళ్లు వండి వార్చినా ఒక్కరూ బాగుందని అనని చేతులివి. ఊరంతా మెచ్చుకుంటుంటే ఆ మెప్పు పోతుందేమోనని భయపడ్డాను. ఇది సాకా? సాకే. అయినా నిజం.

ఓబులన్న సంగతి చెప్పాలి. ఇందాకటి నుంచి ఆ పేరు దగ్గరికి వచ్చి వచ్చి వెనక్కి పోతున్నాను.

మా పుట్టింటి పక్కిల్లు ఆయనది. విగ్రహాలు చెక్కుతాడు. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. షుగర్ వచ్చింది, డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. మన పిల్ల చేసే పిండి ఉండగా ఇంకేం దిగులని పొద్దునా రాత్రీ అన్నం మానేసి నా పిండి జావే తాగాడు. బియ్యం మానాలని నా చేతి బియ్యం తాగాడు.

షుగర్ పెరిగింది. మాత్రలు పెంచారు, అయినా దిగలేదు. రాతిపెళ్ల పడి కాలికి పుండయింది. మానలేదు. చివరికి బొటనవేలు తీసేశారు. నోరు కట్టుకోని మనిషికి మందులేం చేస్తాయని డాక్టరు విసుక్కున్నాడట. అప్పటి నుంచి ఆయన భార్య లక్ష్మి వదిన బెల్లం డబ్బాకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. ఆయన జేబులు కూడా వెతికేది.

చూడడానికి వెళ్లాను. కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని, ఓబులన్న పాకలో అమ్మవారి విగ్రహం ముందు కూర్చుని ఉన్నాడు. విగ్రహమంతా అయింది, కళ్లు మాత్రం మిగిలాయి. కళ్లు ఆఖరున తెరుస్తారు. అప్పటిదాకా అది రాయి కిందే లెక్క.

వదిన నన్ను చూడగానే అందుకుంది. “నువ్వన్నా అడుగుమ్మా ఈయప్పని. దొంగతనంగా యాడ తింటాండాడో.”

“నేను తినలేదే,” అన్నాడాయన. విగ్రహం మీద చెయ్యి పెట్టాడు. “ఈ అమ్మ మీద ఒట్టేసి చెప్తాండా. బెల్లం ముక్క నోట్లో ఏసుకోలేదు.”

“కండ్లు తెరవని దేవత మీద ఒట్టేందీ? ఆ యమ్మ సూసిందా?” అని వదిన నా వైపు తిరిగింది. “నువ్వు చెప్పుమ్మా. తినకుంటే యాడి నుంచి వస్తాది షుగరు?”

ఇద్దరూ నన్నే చూశారు. ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నేనేమన్నానో తెలుసా?

“పోనీలే వదినా. తీపి అలవాటు ఎవరికి మాత్రం అంత బేగా పోతాది?”

ఓబులన్న చెయ్యి విగ్రహం మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే నూకలు మానేశాను. అచ్చంగా కొర్రలే పంపాను. కొన్నాళ్లకు షుగర్ దిగింది. నేను ఎగిరి గంతేయాల్సిన రోజు వదిన ఫోన్ చేసింది. “బీగం ఏసినాక దిగింది సూడు. అంటే తిన్నెట్టే గదా. దేవత మీద దొంగ ఒట్టేసినాడు.”

నేను దిద్దుకున్న తప్పు ఆయన దొంగ అనడానికి సాక్ష్యమైంది. ఇక ఎలా చెప్పను? వేలు నా వల్లే పోయిందా? షుగర్ ముందే ఉంది, రాయి పడకపోతే పుండు లేదు, పుండును ముందే చూపించుకోవాల్సింది అని పక్క మీద పడుకుని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాను. తీరా చూస్తే అన్నిటికీ అడుగున నా పిండి ఉంటుంది. ఇది రాస్తూ కూడా నాలుగుసార్లు లేచి పొయ్యి మీద ఏమైనా మాడుతోందా అని చూసొచ్చాను. పొయ్యి వెలిగించనే లేదు.

మొన్న ఆళ్లగడ్డ వెళ్లాను. పెళ్లి భోజనంలో ఓబులన్న ఆకులో లడ్డు పెట్టబోతుంటే మనవరాలే అడ్డుపడింది. “తాతకు పెట్టొద్దండి, దొంగతనంగా తింటాడు.” అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. చేతులు కడుక్కునే దగ్గర మెల్లగా అడిగాను, అన్నా, అప్పుడు నిజంగా తిన్నావా అని. ఎందుకడిగానో నాకే తెలియదు. తినలేదని గట్టిగా అంటాడనుకున్నాను, అంటే ఆ క్షణమే చెప్పేద్దామనుకున్నాను.

“తిన్న్యానేమోలేమ్మా,” అన్నాడు. “అందురూ అంటాండారు గదా. నాకే గుర్తు లేదేమో.”

ఆయన మీద ఆయనకున్న నమ్మకం కూడా నేనే తినేశాను. అక్కడ చెప్పలేకపోయాను. ఏడుపొచ్చి, కళ్లలో కారం పడిందని చెప్పి బస్సెక్కి వచ్చేశాను. వదినకు ఎప్పుడు చెబుతానో, చెబుతానో లేదో, మీకు మాటివ్వలేను. నా మాటకు విలువెంతో చూశారుగా.

అయినా ఈ ఒక్క ముక్క ఈ రోజు నా చేత్తో రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఓబులన్న బెల్లం తినలేదు. ఆయన పెట్టింది నిజమైన ఒట్టు.