తలుపు వెనక రేగుచెట్టు

కువైట్‌లో పాత ఇళ్లు చూడాలనుకునేవారు ముందే తెలుసుకోవాలి: అవి వీధికి వీపు పెట్టి కూర్చుంటాయి. కిటికీలన్నీ లోపలి వాకిలివైపే. బయటివాడికి దక్కేది మట్టిగోడ, మేకుల తలుపు. నాబోటి కోతలరాయుడికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

ఫింతాస్‌లో ఒక ముసలి మామా (ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు) ఇంట్లో ఏసీ బాగుచేస్తూ, అక్కడ పనిచేసే రాయచోటి రమణమ్మతో పరిచయమయ్యాను. మంచంపట్టిన ఆ మామా పుట్టిన ఇల్లు నగరంలో ఇంకా నిలిచే ఉందట. వాళ్లమ్మ నాటిన రేగుచెట్టు బతికుందో లేదో చూసి రమ్మని, తలుపు ఫొటో ఇచ్చి రమణమ్మను పంపింది. "అక్కడ నాకు తెలియని గోడ లేదు" అంటూ నేను తోడు బయలుదేరాను. ఆ వీధులు నేనూ చూడటం అదే మొదలు.

శుక్రవారం ఎనిమిదింటికి మహబూలాలో బస్సెక్కాను. రమణమ్మ ఫింతాస్‌లో ఎక్కింది. ఒక ముత్యాల వర్తకుడి మిద్దెకు తిమింగలం పక్కటెముకే దూలమని మొదలుపెట్టాను. ముందు సీటులోని నెల్లూరు పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"నీచువాసన రాదా నాయనా?"

"అత్తరు పూస్తారు కదా!"

బస్సంతా నవ్వింది.

ముబారకియా బజారులో యాలకుల గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, తాగాం. ఖర్జూరం కొరుక్కుంటూ తాగాలి, లేకుంటే ఆ చేదు మింగుడుపడదు. అక్కడినుంచి సముద్రంవైపు నడక. రెండు ఇళ్లు తెరిచే ఉన్నాయి. పగడపురాళ్ల గోడలు, పడవల్లో ఆఫ్రికానుంచి తెచ్చిన సన్నవాసాలు, పైన ఈతచాపలు. లోపల ఎంత చల్లదనమో!

మూడోది మామా ఇల్లు. తాళం.

తలుపు పైభాగాన చిన్న సందుంది. నాకే అందింది.

"ఏమన్నా కనపడతాందా అన్నా?"

కన్ను ఆనించాను. చీకటి.

"ఆహా! కొమ్మలు వాకిలంతా పరుచుకున్నాయి. పండ్లు రాలి నేలంతా పసుపు!"

రమణమ్మ అక్కడికక్కడే అరబ్బీలో మామాకు వాయిస్ మెసేజ్ పంపింది, తానే చూసినట్టు. వీధి దాటేలోపే జవాబు.

"మామా ఏడుస్తాంది అన్నా. రేపు చక్రాల కుర్చీలో వస్తాదంట. ఆ చెట్టు కింద కూసోవాలంట."

తిరుగు బస్సులో నా నోట కథ రాలేదు. సగం దారిలో చెప్పేశాను. "నేను చూడలేదు రమణమ్మా. లోపల చీకటి."

ఆమె అరవలేదు. "కొడుకు చెప్పినా మింగదు ఆయమ్మ. నేను చెప్తేనే మాత్ర మింగుతాది. ఆ నోటితో అబద్ధం చెప్పిస్తివి కదన్నా." ఫోను నా మూతిదగ్గర పెట్టింది. "నువ్వే చెప్పు."

వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. చూడలేదని, తాళమని, తప్పు నాదని. నా జీవితంలో అంత చిన్న కథ చెప్పలేదు.

ఫింతాస్ వస్తుండగా జవాబొచ్చింది. ఒక్క ముక్క, నాకూ అర్థమైంది: "మరి నువ్వు చూశానన్నావే, రమణా?"

రమణమ్మ ఫోను కొంగులో చుట్టుకుని, నావైపు చూడకుండా దిగిపోయింది.

వెళ్లండి, చూడదగ్గ ఇళ్లే. నేను చూసినవి మాత్రం రెండు. మూడోదాని గురించి నాకు తెలిసింది తాళం ఒక్కటే.