మా పిన్ని చేత కొనిపించిన కొండ మీద వారం

2003 వేసవిలో నేను మామిడికుదురు వెళ్లింది ఒక తప్పు ఒప్పుకోవడానికి. అంతకు ఏడేళ్ల ముందు హైదరాబాదులో ఒక హోటల్లో ఉచిత భోజనానికి పిలిస్తే వెళ్లి, టైమ్‌షేర్ కొన్నాను. ముందు పెద్ద మొత్తం కట్టి, తర్వాత ఏటా నిర్వహణ రుసుము కడుతుంటే, ఒక కొండ ఊరి రిసార్టులో ఏడాదికో వారం గది ఇస్తారు. ఇంకొకరిని చేర్పిస్తే నా రుసుము రెండేళ్లు మాఫీ అన్నారు. కొబ్బరితోటలో అరెకరం అమ్మిన డబ్బు మా పిన్ని రామలక్ష్మి దగ్గర ఉందని నాకు తెలుసు. "భూమి లాంటిదే పిన్నీ, ధర పెరుగుతుంది" అని చెప్పి ఆమె చేత కొనిపించాను. మాఫీ సంగతి చెప్పలేదు. ఇప్పుడామె ఇంటి కప్పు మార్చాలి, ఆ వారం అమ్మిపెట్టమని ఫోను చేసింది. కంపెనీవాళ్లు దాన్ని తిరిగి కొనేది లేదన్నారు. పేపర్లో రెండుసార్లు ప్రకటన వేస్తే ఒక్కరూ అడగలేదు. ఆ మాట ఫోనులో చెప్పడానికి నోరు రాక రైలెక్కాను.

పొద్దున్నే నరసాపురంలో దిగి, రిక్షాలో రేవుకి వెళ్లి పంటు ఎక్కాను. మనుషులతోపాటు సైకిళ్లనీ మోటారు సైకిళ్లనీ గోదావరి దాటించే ఆ పడవకి అప్పట్లో టికెట్టు మూడు రూపాయలు. అవతల సఖినేటిపల్లి నుంచి బస్సులో రాజోలు, అక్కణ్ణించి షేర్ ఆటోలో మామిడికుదురు. దారి పొడుగునా కొబ్బరితోటల నీడే, వేసవిలో కూడా ప్రయాణం హాయిగా ఉంటుంది. నాకు మాత్రం ఆ హాయి అందలేదు. ఎవరింటికని ఆటో ఆయన అడిగితే పిన్ని పేరు చెప్పాను.

"ఆయ్! కొండ మీద ఆవిడకి గది కొనిపెట్టిన హైదరాబాదు బాబుగారు మీరేనాండీ? మీ గురించి ఆవిడ చెప్పని రోజుండదండి" అన్నాడాయన. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

పదకొండు దాటాక ఇల్లు చేరాను. పిన్ని పనసపొట్టు కూర వండి, ఎదురుగా కూర్చుని వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక ఇక ఆపుకోలేక, అది అమ్ముడుపోదనీ, ఆమెను చేర్పించినందుకు నాకు రుసుము మాఫీ అయిందనీ చెప్పేశాను.

"ఎంత మిగిలిందిరా నీకు?"

"ఆరు వేలు పిన్నీ."

గరిటె గిన్నెలో పెట్టేసింది. "నువ్వు నోరు తెరిచి అడిగితే ఆ ఆరు వేలు నేనే ఇచ్చేదాన్ని కదరా" అంది. "నాతో పోయినా బాగుండును. నీ మాట పట్టుకుని నేను చెప్తే పక్కింటి బుల్లియ్య గారు కూడా కొన్నారు. లే, ఆయనకి నువ్వే చెప్పు" అని తనే ముందు నడిచింది.

బుల్లియ్య గారికి కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువు ఉండేది. మొదటి పంట లాభం తెచ్చి ఇందులో పెట్టారట. అరుగు మీద నిలబడే అంతా చెప్పాను.

"తెగులొచ్చి చెరువు పోయినప్పుడు కూడా, ఆ కాగితం ఉంది కదాని ధైర్యంగా ఉన్నానండి. మరి దాన్ని ఏమనుకోమంటారండీ ఇప్పుడు?"

"ఏడాదికో వారం గదండి. అంతే."

"ఆయ్" అన్నారు మెల్లగా. లోపలికి వెళ్లి కొబ్బరిబొండాం కొట్టి తెచ్చారు. "ఎండన పడి వచ్చేరు, తాగండి." తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. తలెత్తకుండా తాగాను.

తర్వాత రెండేళ్లలో పిన్ని ఇంటి కప్పుకి సగం ఖర్చు నేను పెట్టుకున్నాను. బుల్లియ్య గారు నా దగ్గర పైసా తీసుకోలేదు, "మీరూ మోసపోయినవారే కదండీ" అన్నారు. ఆ ఆరు వేల సంగతి ఆయనకూ చెప్పాను, అయినా అదే మాట. టైమ్‌షేర్ పెట్టుబడి అవుతుందా అని నన్నడిగితే, కాదనే అంటాను. ఏటా తప్పకుండా వెళ్లేవాళ్లకి సెలవు గదిగా పనికొస్తుందేమో గానీ, రుసుము పెరుగుతూ పోతుంది, కొనేవాడు దొరకడు. పిన్ని ఇప్పటికీ పండక్కి ఫోను చేసి ఆప్యాయంగానే మాట్లాడుతుంది. సలహా మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఎవరైనా మిమ్మల్ని అలాంటి భోజనానికి పిలిస్తే, సంతకం పెట్టే ముందు అదే కంపెనీకి వేరే నంబరు నుంచి ఫోను చేసి, "నా దగ్గర మీ వారం ఒకటి ఉంది, ఎంతకి తీసుకుంటారు?" అని అడగండి.