అక్క విండోస్ మానేసింది

ఆ వర్షాకాలమంతా అక్క నుంచి ఫోన్ రాలేదు. కబుర్ల ఫోన్ కాదు, అది రోజూ ఉండేదే. "కంప్యూటర్ మళ్ళీ మొరాయిస్తోందే, ఈ ఆదివారం వచ్చి ఓసారి చూడవూ" అనే ఫోన్. ఏళ్ళ తరబడి నెలకో రెణ్ణెల్లకో అది తప్పకుండా వచ్చేది. నేను తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి, ఏలూరులో దిగి, ఆటోలో వట్లూరు వెళ్ళేదాన్ని. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అక్క ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ప్రింటర్ పలకడం లేదనో, తెలుగు అక్షరాలు రావడం లేదనో, ఏదో వైరస్ చేరిందనో ఒక తంటా ఉండేది. నేను దాన్ని సర్దేలోపు లోపలినుంచి కొరమీను పులుసు వాసన వచ్చేది. బావగారు పేపరు మడిచి, "డాక్టరుగారు వచ్చారా, అయితే ఇక ఫర్వాలేదు" అనేవారు. ఆ మాట కోసమే వెళ్ళేదాన్నేమోనని ఇప్పుడనిపిస్తుంది.

మాది పెంటపాడు దగ్గర పల్లె. వరి తప్ప వేరే ధ్యాస లేని ఇల్లు. అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. నాకు తెలిసినవన్నీ అక్కకి ముందే తెలిసినవి. కాలవ గట్టు మీద సైకిలు తొక్కడం తనే నేర్పింది. బళ్ళో నేను చదివిన పుస్తకాలు తను చదివేసి ఇచ్చినవే. పాఠాల పక్కన పెన్సిల్‌తో తను రాసుకున్న అర్థాలు అప్పటికే ఉండేవి, నేను రాసుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. మాస్టార్లకి నేను ఎప్పుడూ అక్క చెల్లెల్నే. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నాకే, అక్క చెయ్యి పడని వస్తువొకటి నా చేతికొచ్చింది. తను కోనసీమలోనో ఎక్కడో టీచర్ ట్రెయినింగ్‌లో ఉండగా నాకు మొదటిసారి ఫోన్ చేసి "ఈ ఫైలు ఎలా తెరవాలే?" అని అడిగిన రోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పటినుంచి మా ఇద్దరి ఇళ్ళలోనూ విండోసే. కొత్తది వచ్చినప్పుడల్లా ముందు నా కంప్యూటర్‌లో వేసుకుని, తర్వాత అక్కదానికి వేసేదాన్ని. ఆఖరిది మాత్రం అక్క పాత ల్యాప్‌టాప్‌కి ఎక్కలేదు. నేను పనిచేసే రైస్ మిల్లు ఆఫీసులోనూ లెక్కలన్నీ దాని మీదే. ఎవరైనా వేరే సిస్టమ్ గురించి మాట్లాడితే పుట్టింటిని ఎవరో ఏదో అన్నట్టు ఉండేది.

ఉండబట్టలేక ఒక శనివారం నేనే ఫోన్ చేసి కంప్యూటర్ ఎలా ఉందని అడిగాను.

"బ్రహ్మాండంగా ఉందే. ఆన్ చేస్తే అరనిమిషంలో వచ్చేస్తోంది" అంది అక్క.

ఆ పాత ల్యాప్‌టాప్ అరనిమిషంలో వస్తుందంటే నాకు నమ్మకం కలగలేదు. మర్నాడు పిలవకుండానే వెళ్ళాను. అక్క ఆశ్చర్యపోయి, కాఫీ ఇచ్చి, నేను అడిగితే ల్యాప్‌టాప్ తెచ్చి తెరిచింది. తెర వేరేగా ఉంది. రంగులు వేరు, బొమ్మలు వేరు, కింద ఉండాల్సిన పట్టీ పక్కనుంది. విండోస్ తీసేసి లైనక్స్ వేయించుకున్నానంది. పాత విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావని ఏదో మెసేజ్ వస్తే, తమ బడికి కొత్తగా బదిలీ మీద వచ్చిన లెక్కల మేడమ్ చూసి, ఇంకో సిస్టమ్ ఉంది, పాత మిషన్లకి తేలిగ్గా ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు అని చెప్పారట. ఒక సాయంత్రం వచ్చి వేసి వెళ్ళారట.

"నాకొక్క మాట చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు మిల్లు పనితో సతమతమవుతున్నావు కదా, ఎందుకులే అని" అంది.

నవ్వుతూనే కూర్చుని, ఆ తెర మీద తప్పులు వెతకడం మొదలుపెట్టాను. ప్రింటర్ చూశాను, పలికింది. ఫోన్‌లో ఫొటోలు ఎక్కించి చూశాను, ఎక్కాయి. చివరికి అక్క పాత సైన్సు ప్రశ్నపత్రాలు తెరిచాను. అవి పూర్వం ఒక తెలుగు ఫాంట్‌లో టైప్ చేసినవి. ఆ ఫాంట్ ఇందులో లేదు కాబట్టి జీర్ణవ్యవస్థ, రక్తప్రసరణ అన్నీ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావా అక్కా, ఇన్నేళ్ళ కష్టం ఏమైందో? మళ్ళీ విండోస్ వేసేస్తాను, అన్నీ వచ్చేస్తాయి."

అక్క వంగి చూసింది. "పోన్లేవే, సిలబస్ ఎలాగూ మారిపోయింది. అవి పాతవే కదా, ఉంటే ఉంటాయి" అంది.

అక్కడితో నాకు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. మధ్యాహ్నం లెక్కల మేడమ్ వచ్చారు. అక్క ఈడు మనిషి. ఏలూరులో వాళ్ళ తాతలది తివాచీలు నేసిన కుటుంబమట. వస్తూ స్టీలు గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చారు. "మీ గురించి మీ అక్కగారు చెబుతూనే ఉంటారండీ. మీరొచ్చారని తెలిసి చూసిపోదామని వచ్చాను" అన్నారు. ఎంత మెత్తగా మాట్లాడారంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు. పాయసం బాగుంది. అది కూడా నాకు కష్టంగానే ఉంది.

ఆ సాయంత్రమే వాళ్ళిద్దరూ ఇంకో విషయం మాట్లాడుకున్నారు. వాళ్ళ బడి కొల్లేటి లంక గ్రామంలో ఉంది. అక్కడ గదిలో దుమ్ము పట్టిపోతున్న పాత కంప్యూటర్లన్నిటికీ లైనక్స్ వేసి పిల్లలకి పనికొచ్చేలా చెయ్యాలని, రెండో శనివారం వెళ్దామని అనుకున్నారు. నేనూ వస్తానన్నాను. అక్క సంతోషించింది. వాళ్ళిద్దర్నీ వదిలిపెట్టి ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదని తనకి తెలీదు.

రెండో శనివారం ఆటోలో అక్క మధ్యలో కూర్చుంది, మేడమ్ ఒకవైపు, నేను ఒకవైపు. దారి పొడుగునా రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి మొక్కలు, చెరువుల్లో నీళ్ళు చిలుకుతూ తిరుగుతున్న ఏరేటర్లు. రోజూ కలిసి ప్రయాణం చేసే మనుషుల మాటలు ఎలా ఉంటాయో ఆ రోజు విన్నాను. ఒకరు సగం అంటే రెండోవారు నవ్వేస్తారు. ఎవరో హెడ్మాస్టారు, ఏదో సంతకం, ఎప్పటిదో మేకపిల్ల. నాకు వివరించాలని అక్క మధ్యమధ్యలో ఇటు తిరిగేది. వివరించాక నవ్వు రాదు కదా. నేను చెరువుల వైపు చూస్తూ కూర్చున్నాను.

బడిలో నాకు కీబోర్డులు తుడిచే పని దొరికింది. మేడమ్ పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్కో మిషన్ మొదలుపెడుతున్నారు. అక్క స్టూలు లాక్కుని ఆవిడ పక్కనే కూర్చుంది. ఒకదానికి వైఫై అందలేదు. మేడమ్ తన ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్ నెట్‌తో ఏదో దింపి, మళ్ళీ ఆన్ చేసేసరికి వైఫై పలికింది. అక్క "అంటే ముందు దీనికి దారి మనమే చూపించాలన్నమాట" అంటూ అడుగుతోంది, ఆవిడ చెబుతున్నారు, తర్వాతి మిషన్ అక్కే చేసింది. నేను గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ళలో అక్క ఒక్కసారి కూడా నా పక్కన అలా కూర్చోలేదు. నాకు అప్పగించి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నా పని పోయిందన్న బాధ కన్నా ఇదే ఎక్కువ కోసింది.

గూడెం వచ్చాక కూడా ఆ ముల్లు వదల్లేదు. ఆవిడ కన్నా నాకే ఎక్కువ తెలియాలనిపించింది. ఇంకేమీ ఆలోచించకుండా, విండోస్‌ని ఒక మాట అన్నవాళ్ళతో పోట్లాడకుండా గడిచిన రోజంటూ లేని నేను, నా ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ వేసుకున్నాను. ఆఫీసులో మాత్రం పాతదే, మిల్లు లెక్కలు కదిలించే వీల్లేదు. పగలు ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టుండేది. పైగా నా మిషన్‌కీ వైఫై రాలేదు. బడిలో మేడమ్ చేసింది చూశాను గానీ, కళ్ళు అక్క మొహం మీద పెట్టుకుని చెయ్యి ఎటు వెళ్ళిందో గమనించలేదు. ఆ రోజు ఆవిడిచ్చిన నంబరు నా ఫోన్‌లో ఉంది. నొక్కలేదు. అక్కకి చేశాను.

అక్క ఆదివారం వచ్చింది. ఒక్కతే వచ్చింది.

"మేడమ్‌గారు రాలేదా?" అన్నాను, వీధి వైపు చూస్తూ.

"ఆవిడెందుకే? నేను చాలనా?" అంది.

కుర్చీ లాక్కుని కూర్చుని, నన్ను కూడా కూర్చోమంది. ఫోన్ తగిలించింది, ఎక్కడ నొక్కాలో వేలితో చూపించింది, నా చేతే నొక్కించింది. వైఫై వచ్చింది. కాలవ గట్టు మీద సైకిలు వెనక పట్టుకుని పరిగెత్తినప్పటి గొంతే, "అంతేనే, కంగారుపడకు" అంది. నాకు ఒకపక్క హాయిగానూ ఉంది, ఒకపక్క ఉన్న ఒక్కటీ తీసేసుకున్నట్టూ ఉంది. అడిగేశాను.

"ఆవిడ దగ్గర నేర్చుకున్నదానివి, నా దగ్గర ఎందుకు నేర్చుకోలేదక్కా?"

"ఎప్పుడైనా నేర్పావా? వచ్చి కూర్చుంటే 'నువ్వు వెళ్ళక్కా, నేను చూస్తాగా' అనేదానివి. మొదట్లో నిలబడేదాన్ని. తర్వాత మానేశాను."

నిజంగా అలా అనేదాన్నా? అనే ఉంటాను. నాకు గుర్తులేదు. అక్కకి గుర్తుంది.

భోజనాలయ్యాక అక్కని స్టేషన్‌లో దిగబెడుతుండగా, నేను లైనక్స్‌కి మారిన సంగతి మేడమ్‌తో అనద్దని చెప్పాను. ఎందుకని అడగలేదు, సరేనంది. కానీ పొట్టలో మాట దాచుకునే మనిషి కాదు. మర్నాడు ఆఫీసులో ఉండగా మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది: "మీరూ మాతో చేరారటగా, చాలా సంతోషమండీ. ఏ సందేహం వచ్చినా అడగండి."

"మాతో" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాటలో అక్క ఆవిడ వైపుంది, నేను కొత్తగా వచ్చినదాన్ని. జవాబు రెండుసార్లు రాసి చెరిపేశాను. చివరికి "థాంక్సండీ, అక్కుంది కదా, అడుగుతాను" అని పంపించి, మిల్లు లెక్కల్లోకి తల దూర్చాను.