కంచం కడగకముందు

పులుసు దించబోయే ముందు చిన్న బెల్లం ముక్క వేస్తే ఒక వాసన లేస్తుంది. చింతపండు పులుపు, ఉల్లిపాయ తీపి, మెంతుల చేదు అప్పటిదాకా ఎవరికి వారే అన్నట్టు ఉడుకుతుంటాయి. బెల్లం పడ్డాకే రాజీకొస్తాయి. ఈ ఉదయం జగ్గయ్యపేటలో మా వంటింట్లో కోడిగుడ్డు పులుసు పొయ్యి మీద ఉండగా ఆ వాసన వచ్చింది. నా చెయ్యి దానంతటదే గరిటె అందుకుని, అరచేతిలో ఒక చుక్క వేసుకుని రుచి చూసింది. అలా చూడడం నాకు నేర్పింది మా సుగుణ టీచరు గారు. నాన్న పోయిన తర్వాత అమ్మ మొదటిసారి మా ఇంటికి వస్తోంది. మా అమ్మాయి వెన్నెల పొద్దున లేచినప్పటి నుంచి "అమ్మమ్మకి ఏం చేద్దాం?" అంటూ నా కొంగు వదలడం లేదు. కూరల పేర్లు ఎన్నయినా చెప్పగలను. కానీ దాని ప్రశ్నకు అసలు జవాబు కూరల పేర్లలో లేదని నాకు తెలుసు. ఆ సంగతి తెలిసేలా చేసిన మనిషి గురించే ఇదంతా.

నందిగామలో మాది, టీచరు గారిది పక్క పక్క ఇళ్ళు. మధ్యలో నడుమెత్తు గోడ. ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. గంజి పెట్టిన నేత చీర, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, ఆదివారం చర్చి, మిగతా రోజులు ఇల్లు. మాటలు చాలా పొదుపు. నేను డిగ్రీ అయిపోయి బీఈడీ ప్రవేశ పరీక్షకు చదువుకుంటున్న రోజుల్లో సాయంత్రాలు వాళ్ళ వరండాలో నాకు లెక్కలు చెప్పేవారు. లెక్క తప్పయితే తప్పని అనేవారు కాదు. కాగితం నా వైపు తోసి "మళ్ళీ చూడు" అనేవారంతే. ఎక్కడ తప్పో చెప్పమని బతిమాలినా చెప్పేవారు కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా మళ్ళీ చూసేదాన్ని, ఎందుకంటే చూడనిదే ఆవిడ ఇంటికి పంపరు.

ఆ ఎండాకాలమే పెనుగంచిప్రోలు నుంచి తాతయ్య మా ఇంటికి వచ్చాడు. అమ్మకి నాన్న. మిరప తోటల్లో బతికిన మనిషి. అమ్మమ్మ పోయి అప్పటికి ఆరు నెలలు కాలేదు. ఆయనకి హెర్నియా ముదిరింది. దగ్గొస్తే చాలు, పక్క అదిమి పట్టుకుని గోడకి ఆనుకునేవాడు. విజయవాడలో డాక్టరు చూసి, ఒంట్లో రక్తం లేదు, ఈ నీరసంతో ఆపరేషన్ చెయ్యలేను, నెల రోజులు బాగా తినిపించి తీసుకురండి అన్నాడట. ఆలస్యమైతే పేగు మెలిపడి ప్రాణం మీదికి వస్తుందని కూడా అన్నాడట. అమ్మా నాన్నా పొద్దున్నే క్యారేజీలు కట్టుకుని పనుల్లోకి పోయేవారు. ఇంట్లో ఉండేది నేను. "మధ్యాహ్నం భోజనం నీ పూచీ మాధవీ, తాతయ్య చేత తినిపించాలి" అని అమ్మ నా చేతిలో పెట్టేసింది. నేనూ తగ్గలేదు. నెల తిరిగేసరికి ఈయన్ని డాక్టరు ముందు గుండ్రాయిలా నిలబెడతానని పంతం పట్టాను.

పంతం ఉంటే సరిపోతుందా, మొదటివారం నేను వండినవన్నీ గొప్ప గొప్ప వంటలే. నాటుకోడి కూర, ములక్కాడల పులుసు, జొన్న రొట్టెలు. తాతయ్య కంచం ముందు బుద్ధిగా కూర్చునేవాడు, సగం తిని చెయ్యి కడుక్కునేవాడు. ఏమన్నా అంటే "బానే ఉందమ్మా, చాలు" అనేవాడు. ఆ 'బానే ఉంది' వింటే నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు వరండాలో లెక్క మీద మనసు పెట్టలేక టీచరు గారితో మొరపెట్టుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని అంతా విన్నారు.

"ఆయనకి పళ్ళెన్ని ఉన్నాయి?" అన్నారు.

తాతయ్య పళ్ళు నేనెందుకు చూస్తాను.

"మళ్ళీ చూడు" అన్నారు టీచరు గారు.

చూశాను. దవడ పళ్ళు దాదాపు లేవు. ఆ నోటితో పాపం నా జొన్న రొట్టె నమిలి 'బానే ఉంది' అన్నాడంటే అది ప్రేమే తప్ప ఇంకోటి కాదు. మర్నాటి నుంచి వంట మారింది. టీచరు గారు వాళ్ళ వైపు గోడ దగ్గర నిలబడి చెప్పడం, నేను వంటింటి కిటికీలోంచి వినడం. అన్నంలో ఇంకో గ్లాసు నీళ్ళు పొయ్యి. బీరకాయలో పెసరపప్పు వెయ్యి. సొరకాయ ఉడికాక పాలు పొయ్యి, కారం వెయ్యకు, పచ్చిమిర్చి చీలిక చాలు. పులుసు గరిటెతో నాలిక మీద పోసుకోకు, అరచేతిలో వేసుకో, వేడికి రుచి తెలియదు. ఆ గోడ మీద నుంచి ఆవిడ నడిపిన వంట బడి మా వీధిలో అందరికీ వినోదం. కూరగాయల బండి అతను కూడా నాకు బీరకాయలు ఇస్తూ "టీచరు గారు లేతవి చూసి ఇమ్మన్నారండి" అనేవాడు.

అన్నం మెత్తబడింది, కూరలు నోట్లో కరిగేలా కుదిరాయి. తాతయ్య మాత్రం సగమే తింటున్నాడు. ఎక్కువ పెడుతున్నానేమో, చూడగానే వెగటు పుడుతోందేమో అని ఒకరోజు కొంచెమే వడ్డించాను. ఆ కొంచెంలో సగం తిని లేచాడు. నాకు పట్టుదల పెరిగింది. సగమే తింటాడు కదా, రెండింతలు పెడితే ఆ సగమే పూర్తి భోజనం అవుతుందని గట్టి లెక్క వేసి మర్నాడు కుప్ప పోశాను. ఆయన ఆ కుప్ప వంక చూసి, నా వంక చూసి, "పెళ్ళివారెవరన్నా వస్తున్నారటే?" అని అడిగి, నాలుగు ముద్దలు తిని చాలించాడు. అమ్మ రాత్రి తాతయ్య భుజం తడిమి చూసి లోపలికి పోయింది. నెలలో సగం అయిపోవచ్చింది. నాకు మొదటిసారి భయం వేసింది.

సాయంత్రం టీచరు గారితో నా లెక్క చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "ఎక్కువ పెట్టినా, తక్కువ పెట్టినా మిగులుస్తున్నాడంటే అది ఆకలికి సంబంధించింది కాదు. ఇంకేదో ఉంది. రేపు ఆయన లేచాక కంచం కడగకముందు నన్ను పిలువు" అన్నారు.

పిలిచాను. అది కూడా కోడిగుడ్డు పులుసు చేసిన రోజే. తాతయ్య వసారాలో మంచం మీద నడుం వాల్చాడు. టీచరు గారు వంటింట్లోకి వచ్చి, కంచం రెండు చేతులతో అందుకుని వెలుగులోకి తిప్పి, పరీక్ష పేపరు దిద్దినట్టు చూశారు. రోజూ నేను మొహం ముడుచుకుని సింకులో పడేసే కంచం అది.

"నువ్వు చూడు" అన్నారు.

కంచంలో ఒక పక్క అంతా శుభ్రంగా ఖాళీ. రెండో పక్క అన్నం చెదరకుండా దగ్గరకు తీసి ఉంది. దాని మీద పులుసు తడి ఉంది, నెయ్యి ఉంది. పైన గుడ్డులో సగం, పచ్చసొన ఉన్న వైపు పైకి పెట్టి ఉంది. ఇష్టం లేక వదిలేసిన అన్నం అలా ఉండదు. దాన్ని వేళ్ళతో కెలికేసి ఉంటారు.

"ఇది వదిలేసింది కాదే. ఎవరికో అట్టిపెట్టింది" అన్నారు టీచరు గారు మెల్లగా.

అప్పుడు నాకు పెనుగంచిప్రోలు ఇల్లు గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవలకి వెళ్ళినప్పుడు రోజూ చూసేదాన్ని. తాతయ్య తిని లేవగానే అమ్మమ్మ అదే కంచం ముందు కూర్చునేది. ఆ కాలం ఆడవాళ్ళ అలవాటు. నాకు రోత పుట్టి, "ఎంగిలి కంచంలో ఎందుకు అమ్మమ్మా, కడుక్కుని తినొచ్చుగా" అంటే ఆవిడ నవ్వేది. "కడిగేస్తే ఎట్టాగే, మీ తాత నాకేం దాచాడో చూడొద్దూ?" అనేది. నేనైతే చచ్చినా అలా తిననని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడా కంచం టీచరు గారి చేతిలో ఉంది, తినాల్సిన మనిషి లేదు. ఆయనకి ఆ సంగతి తెలియక కాదు. చేతికి తెలియడం లేదు. నేను సింకు పట్టుకుని ఏడ్చాను. టీచరు గారు నన్ను ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా నిలబడి, "నువ్వెప్పుడు తింటావ్?" అని అడిగారు.

"తాతయ్య తిన్నాక."

"రేపు ఆయనతో పాటు కూర్చో. నీ కంచం నీకు పెట్టుకో. తర్వాత ఏం చెయ్యాలో అక్కడే చూసుకో" అని గోడ అవతలికి వెళ్ళిపోయారు.

మర్నాడు తాతయ్యకి ఎదురుగా నా కంచం వేసుకుని కూర్చున్నాను. ఆయన ఇబ్బంది పడ్డాడు. "నువ్వు తర్వాత తిందువులే, వడ్డించేదెవరు?" అన్నాడు. గిన్నెలన్నీ పక్కన పెట్టుకున్నాను, ఎడం చేత్తో నేనే వడ్డిస్తాను, నాకూ ఆకలేస్తోంది అన్నాను. సగం దాకా ఇద్దరం తిన్నాం. ఆ తర్వాత ఆయన వేళ్ళు నిదానించాయి. అన్నం ఒక పక్కకి చేర్చడం మొదలుపెట్టాడు. నా కంచం ముందుకు జరిపి, "అది నాకు పెట్టు తాతయ్యా" అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు. ఎవరు చెప్పారని అడగలేదు. ఆ అన్నం కలిపి ముద్ద చేసి నా కంచంలో పెట్టాడు, మీద నెయ్యి ఉన్న వైపు నాకు వచ్చేలా. నేను తిన్నాను. చచ్చినా తిననన్న దాన్నే, మెతుకు మిగలకుండా తిన్నాను. ఆయన కంచం ఖాళీ అయింది. నేను గిన్నె అందుకుని మారు వడ్డిస్తే వద్దనలేదు. "పులుసు కూడా పొయ్యవే" అన్నాడు. అమ్మమ్మ పోయిన తర్వాత ఆయన అడిగి పోయించుకోవడం అదే మొదలు.

సాయంత్రం టీచరు గారికి ఉరుకుల పరుగుల మీద చెప్పాను. "మారు వడ్డించుకున్నాడా?" అన్నారు. ఔనన్నాను. "సరే, పుస్తకం తియ్యి" అన్నారు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకోవడానికి మాత్రం మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది. ఆ నెలలో మిగిలిన రోజులన్నీ అదే వరస. తాతయ్య నాకు పెట్టడం, నేను ఆయనకి మారు వడ్డించడం. ఆపరేషన్ అయింది, ఆయన కోలుకుని ఊరికి పోయి మళ్ళీ మిరప కళ్ళాల దగ్గర నిలబడ్డాడు. మా ఇంటితో పాటు టీచరు గారింటికీ ఏటా ఎండుమిర్చి బస్తా పంపేవాడు. ఒంటరి మనిషికి బస్తా ఎందుకని ఆవిడ విసుక్కుంటూనే వీధి వీధంతా పంచేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "మీరు ఎవరితో తింటారు టీచర్?" అని. "రేడియోతో. అది మారు వడ్డించదు" అన్నారు. ఆ ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేసరికి నేను వాళ్ళ వరండాలో కూర్చుని ఉన్నాను, ఒళ్ళో నా కంచంతో. ఎందుకొచ్చావన్నారు. భోజనానికన్నాను. పిలవలేదే అన్నారు. పిలిచేదాకా ఉంటే మీరు పిలవరు కాబట్టి వచ్చా అన్నాను. నా పెళ్ళి అయ్యేదాకా ఆదివారం కోడికూర ఆవిడ చేతిదే తిన్నాను. కారం తక్కువ, ధనియాలు ఎక్కువ, ఆ రుచి నాకింకా కుదరలేదు. ఇప్పుడు ఆవిడ లేరు. నేనూ లెక్కల టీచర్నే. పిల్లలకి కాగితం వెనక్కి తోసి "మళ్ళీ చూడు" అంటాను, వాళ్ళకీ ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం అమ్మ ఆటో దిగింది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నందిగామలో ఒక్కతే ఉంటోంది, ఒంటిపూట తింటోందని ఇరుగుపొరుగు చెబుతూనే ఉన్నారు. భోజనాల వేళకి ఎప్పటిలాగే "ముందు మీరు తినండి, నేను తర్వాత తింటాలే" అని వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడింది. వెన్నెల ఆవిడ కంచం కూడా తెచ్చి మా మధ్య పెట్టి, "అయితే మేమూ తర్వాతే" అని చేతులు కట్టుకు కూర్చుంది. నేనూ కట్టుకున్నాను. పులుసు చల్లారుతోంది. "తల్లీ కూతుళ్ళిద్దరూ మొండిఘటాలు" అని గొణుక్కుంటూ అమ్మ వచ్చి కూర్చుంది.

నాలుగు ముద్దలు తిని చాలంది. బతిమాలాలని నోటిదాకా వచ్చింది, ఆగాను. మళ్ళీ చూడు అనుకుని కంచంలోకి చూశాను. గుడ్డులోంచి పచ్చసొన చెదరకుండా తీసి ఒక అంచున పెట్టి ఉంది. రాత్రిళ్ళు నాన్న షాపు కట్టేసి వచ్చాక ఇద్దరూ కలిసి తినేవారు. గుడ్డు వండిన రోజు అమ్మ తన వాటా సొన తీసి ఆయన కంచంలో వేసేది, ఆయనకి ఇష్టమని. అమ్మ కూడా అప్పుడే దాన్ని చూసుకున్నట్టుంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే ఉండిపోయింది.

నా కంచం ముందుకు జరిపాను. "అది నాకు పెట్టమ్మా" అన్నాను.

పెట్టింది. నేను తిన్నాను. ఎడం చేత్తో గరిటె తీసుకుని అమ్మకి మారు వడ్డించాను, ఆవిడ వద్దనలేదు.