పాలు పొంగేదాకా ఆగిన మేస్త్రీ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాలు క్షుణ్ణంగా తెలుసని నమ్మకం: పురాణం, ఆదాయపు పన్ను. (మొదటిది మా నాన్న ఏళ్ల తరబడి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. రెండోది మా బావ ఆదోని బస్టాండులో, ఎమ్మిగనూరు బస్సు వచ్చేలోపు నేర్పాడు.) ఎమ్మిగనూరు బడికి బదిలీ అయి, ఆదోనిలో మేమున్న మిద్దె బాడుగకిచ్చే సమయమది. వంటగది కప్పు కారుతోంది. సొంతానికి ఉన్నప్పుడు చేయించిన రిపేరు దండగనీ, బాడుగకు దిగాక చేయిస్తే పన్ను తగ్గుతుందనీ బావ బోధ. "వాళ్లు పాలు పొంగించినంకనే పని మొదలుపెట్టు. గంట ముందైనా లెక్కకు రాదు సూడు" అన్నాడు.

గురువాక్యంలా పాటించాను. దిగేవాళ్లు పత్తి జిన్నింగు మిల్లు ఫిట్టరు, ఆయన ముసలి తల్లి. ఉన్న ఇల్లు ఖాళీ చేసి సామాన్లతో వచ్చేశారు. కప్పు సంగతి ఆ అవ్వ ముందే అడిగితే, దిగిన రోజే బాగు చేయిస్తానన్నాను (అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు). శ్రావణ సోమవారం పొద్దున లోపల పొయ్యి మీద పాలు, బయట వీధిలో సిమెంటు మూట మీద మేస్త్రీ. "పొంగినాయా సామీ? మోడం కమ్ముకొస్తాంది" అని మాటిమాటికీ అడుగుతున్నాడు. పాలు అంచుదాకా లేచాయి. సరిగ్గా అప్పుడే వాన దిగింది. కప్పు సందులోంచి ధార గిన్నెలో పడి, లేచిన పాలు చల్లగా అణిగిపోయాయి.

కొత్తింట్లో పాలు పొంగలేదంటే అపశకునమని ఆ తల్లి వెనక్కి తిరిగినా నేను నోరెత్తలేను. మనసులో నామస్మరణ కూడా తడబడింది. అవ్వ కప్పును చూసింది, వీధిలోని మూటను చూసింది.

"సిమెంటు తెచ్చిపెట్టుకోని వాననెందుకు రానిచ్చినావు నాయనా?"

ఉన్నదంతా చెప్పేశాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"నిజం సెప్పినావు, సాలు. ఇంకో గిన్నె పొంగిస్తాం. తెరపిస్తానే మేస్త్రీని పైకెక్కించు."

పొయ్యిని కారని మూలకు జరిపారు. ఈసారి పాలు పొంగాయి. వాళ్లు పదకొండేళ్లున్నారు.

పన్ను కాగితాల వేళ బిల్లు చూపిస్తే ఆడిటరు జాలిగా చూశాడు. రిపేరు ముందు చేయించినా, తర్వాత చేయించినా, అసలు చేయించకపోయినా బాడుగలో నూటికి ముప్పై పన్నువాళ్లే లెక్కలోంచి తీసేస్తారట, బిల్లు అక్కర్లేదట.

ఆ బిల్లు నా పురాణ పుస్తకంలో గుర్తుగా ఉంది, మేస్త్రీ సిమెంటు వేలిముద్రతో సహా. క్షమ గురించి నేను చదివిన శ్లోకాలెన్నో; చూసింది మాత్రం ఆ వంటగదిలోనే. ఏకాదశి సత్సంగంలో పుస్తకం తెరవగానే ముందు అదే కనబడుతుంది. నా చిరునవ్వు చూసి అందరూ భక్తి అనుకుంటారు. కొంతవరకు నిజమే.